మూత వేశాక మొదలయ్యే బీరు

ఇంట్లో బీరు కాచుకునే అలవాటున్న దేశాల్లో, ఆ పని తెలిసినవాళ్లు నలుగురు ఒకచోట చేరితే మాటలన్నీ మాల్టు చుట్టూ, హాప్స్ చుట్టూ, ఏ ఈస్టు ఎంత వేడిలో ఎలా పనిచేసిందన్నదాని చుట్టూ తిరుగుతాయి. సీసాలు, మూతల ప్రస్తావన వస్తే మొహాలు ముడుచుకుంటాయి. అమెరికాలో ఇంటి బీరు మామూలు వాయి 5 గ్యాలన్లు, అంటే 19 లీటర్లు. దాన్ని 355 మిల్లీలీటర్ల సీసాల్లోకి దించితే యాభై పైచిలుకు అవుతాయి. అన్నిటినీ కడగాలి, నింపాలి, ఒక్కొక్కదానికీ మూత నొక్కాలి. ఓ సెలవురోజు హారతి కర్పూరం. అందుకే ఆ పనిని కళలో కాకుండా చాకిరీలో జమకట్టేస్తారు. ఆ చిన్నచూపు తప్పు. ఫ్యాక్టరీ బీరుకు మూత అంటే ప్యాకింగు. ఇంటి బీరుకు మూత అంటే పులియడంలో ఆఖరి ఘట్టానికి తెర లేపడం. ఆ ఘట్టంలో కాచేవాడి చేతిలో ఏమీ ఉండదు. ఉండేదల్లా తెర ఎప్పుడు లేపాలన్న నిర్ణయమే. సీసా ఎప్పుడు మూయాలో తెలియకపోతే బీరు కాచడం సగమే వచ్చినట్టు.

ఈ తేడా ఎక్కడ మొదలవుతుందో చూడాలి. ఫ్యాక్టరీలో చాలామటుకు బీరుకు పెద్ద ట్యాంకుల్లోనే గ్యాసు పట్టిస్తారు. ఈస్టును వడకట్టేస్తారు, లేదా వేడితో చంపేస్తారు. మూత పడేసరికి లోపల జరగాల్సినదంతా జరిగిపోయి ఉంటుంది. ఇంట్లో కాచేవాడి దగ్గర ఆ ఏర్పాట్లు ఉండవు. ప్లాస్టిక్ బకెట్లోనో గాజు జాడీలోనో రెండు వారాలు పులిసిన బీరును నాలుక మీద వేసుకుంటే చప్పగా ఉంటుంది, గ్యాసు ఉండదు. దానికి పొంగు రావాలంటే లీటరుకు 6 నుంచి 7 గ్రాముల పంచదారను కాసిన్ని నీళ్లలో మరిగించి బీరంతటికీ కలపాలి, సీసాల్లో పోయాలి, మూత బిగించాలి, 20 డిగ్రీల వేడిలో సుమారు రెండు వారాలు వదిలేయాలి. బీరులో మిగిలున్న ఈస్టు ఆ పంచదారను తిని కొద్దిగా ఆల్కహాలును, కొంత కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. పోవడానికి దారి లేక ఆ గ్యాసు బీరులోనే కరుగుతుంది. మూత లేకపోతే ఈ చివరి పులియడం జరిగినా జరగనట్టే.

ఇందులో ఎంత బలం దాగుందో అంకెల్లో చూస్తే గానీ బోధపడదు. ఒక గ్రాము పంచదార పూర్తిగా పులిస్తే దాదాపు అర గ్రాము గ్యాసు పుడుతుంది. బీరు కాచేవాళ్లు గ్యాసును వాల్యూముల్లో లెక్కిస్తారు: లీటరు బీరులో లీటరు గ్యాసు కరిగి ఉంటే ఒక వాల్యూము, తూకంలో అది సుమారు 2 గ్రాములు. అంటే లీటరుకు 4 గ్రాముల పంచదార ఒక వాల్యూమును పుట్టిస్తుంది. బకెట్లో పులిసినప్పటి గ్యాసు 0.8, 0.9 దాకా ఎలాగూ మిగిలే ఉంటుంది. రెండూ కలిస్తే 2.5 దగ్గర తేలుతుంది. మామూలు ఏల్ రకానికి అది సరిపడే పొంగు. 20 డిగ్రీల గదిలో అలాంటి సీసా లోపలి ఒత్తిడి బయటి గాలికన్నా దాదాపు 1.9 బార్లు ఎక్కువ. కారు టైరులో కొట్టించే గాలికి ఓ పిసరు తక్కువ. అదే సీసాను ఫ్రిజ్‌లో 5 డిగ్రీలకు చల్లబరిస్తే ఒత్తిడి ఒక బారుకు లోపే. 40 డిగ్రీల గదిలో పెడితే మూడున్నర బార్ల దగ్గరికి చేరుతుంది. లోపల గ్యాసు ఒక్క గ్రాము కూడా పెరగలేదు. బీరు వేడెక్కి తనలో కరిగిన దాన్ని పట్టుకోలేక పైకి వదిలింది, అంతే. తెలుగునాట మే నెల మధ్యాహ్నం గది వేడి ఎంతో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఇంట్లో బీరు కాయడం ఇక్కడ చట్టం ఒప్పుకోని పని. లైసెన్సు లేకుండా మద్యం తయారు చేస్తే ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఎక్సైజ్ చట్టం కింద నేరం. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో స్థిరపడ్డ తెలుగువాళ్లకు మాత్రం అది పరిమితులకు లోబడి చట్టం అనుమతించిన సరదా. హైదరాబాదులో, విశాఖలో ఇళ్లలో కొంబుచా కలుపుకునేవాళ్లు, అల్లంతో పొంగే షర్బత్తులు పులియబెట్టి సీసాల్లో బిగించేవాళ్లు ఆల్కహాలు జోలికి పోకపోయినా ఈ లెక్కకు అతీతులు కారు. సీసాకు లోపలున్నది బీరా, కొంబుచానా అన్న పట్టింపు లేదు.

పులుస్తున్నదాన్ని మూసి పెట్టకూడదన్నది కొత్త జ్ఞానమేమీ కాదు. తాటికల్లు లొట్టి మూతికి ఎవరూ బిరడా బిగించరు. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులుపెక్కుతుంది, నురగ కక్కుతూనే ఉంటుంది, అందుకే ఏ పూట కల్లు ఆ పూటే ఖర్చవుతుంది. దాన్ని దాచే అవసరం లేదు కాబట్టి మూత సమస్యే రాలేదు. యూరపు చలిదేశాల్లో బీరును నెలల తరబడి దాచుకోవాల్సి వచ్చింది కాబట్టే అక్కడ మూత ఒక సమస్యగా పుట్టింది. 16వ శతాబ్దపు లండన్ సెయింట్ పాల్స్ డీన్ అలెగ్జాండర్ నోవెల్ చేపలు పట్టడానికి వెళ్లి ఏల్ సీసాను గట్టున మరిచిపోయాడనీ, కొన్నాళ్లకు తిరిగొచ్చి తీస్తే అది తుపాకీలా పేలిందనీ 1662లో అచ్చయిన థామస్ ఫుల్లర్ పుస్తకంలో ఒక కథ ఉంది. సీసా బీరుకు ఆద్యుడు ఆయనే అనడం ముచ్చట కోసం చెప్పుకునే మాటే అయినా, కథలోని భౌతికశాస్త్రం మాత్రం తప్పు కాదు: కొంచెం చక్కెర మిగిలున్న ఏల్, బిగుతైన బిరడా, కొన్ని రోజుల వ్యవధి. ఇంటి బీరుకు కావలసిన మూడూ అందులో ఉన్నాయి. ఎంత మిగిలిందన్న కొలత ఒక్కటే లేదు.

బెండు బిరడాలకు తీగ కట్టి బిగించే రోజులు 19వ శతాబ్దం రెండో సగం దాకా నడిచాయి. ఆ తర్వాత ఇరవయ్యేళ్లలో మూతల రంగంలో పోటీ తారస్థాయికి చేరింది. 1872లో ఇంగ్లండ్‌లో హైరమ్ కాడ్ గోలీ సీసాకు పేటెంటు తీసుకున్నాడు. 1875లో అమెరికాలో చార్లెస్ డి క్విల్‌ఫెల్ట్ తీగ మీటతో బిగిసే మూతకు పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు స్వింగ్ టాప్ అంటున్నది దాని సంతతే. 1892 ఫిబ్రవరిలో బాల్టిమోర్ మెకానిక్ విలియం పెయింటర్ అంచున పళ్లున్న రేకు మూతకు, క్రౌన్ క్యాపుకు, పేటెంటు పొందాడు. ఈ మూడింటిలో తెలుగువాళ్లకు చిన్ననాటి నుంచీ చుట్టం మొదటిదే. కాడ్ సీసాయే మన గోలీ సోడా. సీసాను తలకిందులు చేసి ఒత్తిడితో సోడా నింపుతారు. నింపిన గ్యాసే గోలీని పైకి తోసి మూతి దగ్గరి రబ్బరు వాషరుకు అదిమిపెడుతుంది. పైసా ఖర్చు లేని మూత, మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. మరి ఇంటి బీరుకు దీన్నెందుకు వాడరు? గోలీ నిలవాలంటే ముందే గ్యాసుండాలి. ఇంటి బీరు సీసాలోకి వెళ్లేటప్పుడు దానికి ఆ బలం లేదు, అది తర్వాత పుట్టాలి. మూత పడిన క్షణాన సున్నా ఒత్తిడి, రెండు వారాల తర్వాత రెండు బార్లు: ఈ రెండు కొసల మధ్యా ఒకేలా బిగిసి ఉండే మూతే ఇంటి బీరుకు పనికొస్తుంది. గోలీ సోడా గొప్పదే గానీ అది నిండుకుండను మూసే మూత. ఖాళీ కుండ నిండే దాకా కావలికాసే మూత కాదు.

పెయింటర్ మూత ఆ కావలి పని చేస్తుంది. సన్నని ఉక్కు రేకు చుట్టూ మడతలు; అప్పట్లో 24 పళ్లు, ఇప్పుడు లోకమంతటా 21. లోపల మొదట్లో బెండు బిళ్ల, ఇప్పుడు ప్లాస్టిక్ పొర. నొక్కకముందు సుమారు 32 మిల్లీమీటర్ల వెడల్పున్న మూతను యంత్రం సీసా పెదవి చుట్టూ 28.6, 28.8 మిల్లీమీటర్లకు కుదిస్తుంది. ఇంట్లో వాడే రెండు చేతుల క్యాపరు ఆ పనినే మనిషి బలంతో చేస్తుంది. రేకు పళ్లు పెదవి కింద పట్టు సంపాదిస్తాయి, పొర పైన అణుగుతుంది. లోపల సున్నా ఉన్నా, మూడు బార్లున్నా దానికి తేడా లేదు. ఒకసారి తీసి పారేయడానికే తయారైన వస్తువు ఇది. ఆ సుగుణాన్ని పెయింటర్ గొప్పగా చెప్పుకునేవాడు. తన కంపెనీలో సేల్స్‌మన్‌గా పనిచేసిన కింగ్ క్యాంప్ జిల్లెట్‌కు కూడా వాడి పారేసేదే ఏదైనా కనిపెట్టమని సలహా ఇచ్చాడని జిల్లెట్ తర్వాత చెప్పుకున్నాడు; ఆయన రేజరు బ్లేడు అలా పుట్టింది. క్రౌన్ క్యాపు పేటెంటుకు రెండేళ్లు తిరిగేసరికి, 1894లో పెయింటరే ఓపెనరుకూ పేటెంటు సంపాదించాడు. (పళ్లతో తీసి చూపించే వీరులు అప్పటికే ఉండి ఉంటారు. ఇప్పుడూ ఉన్నారు, డెంటిస్టుల పుణ్యాన.) ఫ్యాక్టరీల వేగం కోసం పుట్టిన ఈ మూతే వంటింటి కాపరానికి అన్నిటికన్నా బాగా అతికింది. చవక, పట్టు కచ్చితం, ప్రతిసారీ కొత్తది.

ఆ కాపరం పరీక్షకు నిలబడింది అమెరికా మద్యనిషేధ కాలంలో. 1920 నుంచి 1933 దాకా అక్కడ బీరు అమ్మడం నేరం, ఇంట్లో కాయడమూ నేరం. కానీ మాల్టు సిరపు డబ్బాలు, ఖాళీ సీసాలు, మూతలు, క్యాపర్లు మాత్రం బజారులో బహిరంగంగానే దొరికేవి. ఇంటింటా నేలమాళిగల్లో సీసాలు లేచాయి, ఇంటింటా పేలాయి కూడా. పెయింటర్ ఊరు బాల్టిమోర్‌లోనే ఉండే ప్రఖ్యాత పాత్రికేయుడు హెచ్.ఎల్. మెన్‌కెన్ ఇంట్లో కాచిన బీరును తొందరపడి ముందుగానే సీసాల్లో నింపి వరుస పేలుళ్లు చవిచూశాడు. ఆ సంగతి ఒక ఉత్తరంలో ఆయనే హాస్యంగా రాశాడు. గమనించాల్సిన మాట ముందుగానే అన్నది. సీసాలు నాసివనలేదు, మూతలు బలహీనమైనవనలేదు. ఆయన చూసిన లోపం సమయంలో ఉంది. నిషేధం తొలగాక కూడా అమెరికాలో ఇంటి వైన్‌కు చట్టం అనుమతి దొరికింది గానీ, ఇంటి బీరు ఆ జాబితాలో చేరక 1978 దాకా చట్టవిరుద్ధంగానే మిగిలింది. ఆ ఏడాది అక్టోబరులో ప్రెసిడెంట్ కార్టర్ సంతకంతో, 1979 ఫిబ్రవరి నుంచి ఒక్కొక్క వయోజనుడు ఏడాదికి 100 గ్యాలన్లు, ఇంటికి 200 గ్యాలన్ల దాకా కాచుకునే వీలు వచ్చింది. బ్రిటన్‌లో 1963లోనే లైసెన్సు అక్కర్లేకుండా పోయింది. చట్టం తెరిచిన తలుపు వెనుక పుస్తకాలొచ్చాయి, దుకాణాలొచ్చాయి. ఆ దుకాణాల్లో ఎక్కువమంది కొన్నవాటిలో హైడ్రోమీటరు ఒకటి. ఎక్కువమంది సరిగ్గా వాడనిదీ అదే.

ఈ వాదనకు గుండెకాయ అక్కడే ఉంది. క్రౌన్ క్యాపు బలంగా బిగుస్తుంది సరే, మరీ ఒత్తిడి పెరిగితే అదే ఊడి కాపాడుతుందిలే అనుకునేవాళ్లున్నారు. ఆ భరోసా తప్పు. మూత రక్షణ కవాటం కాదు. కాస్త పాతబడి గీతలు పడ్డ మామూలు గాజు సీసా, సరిగ్గా నొక్కిన క్రౌన్ క్యాపు కన్నా ముందే తెగే అవకాశం ఎక్కువ. ఎక్కువ పొంగు కోసం బెల్జియం ఏళ్ల తరబడి దళసరి సీసాలు వాడుతోంది. షాంపేన్ మామూలు సీసా బరువు సుమారు 835 గ్రాములు. లీటరుకు 24 గ్రాముల చక్కెర పులిసి పుట్టించే 6 వాతావరణాల ఒత్తిడిని అది మోయాలి. ఆశ్చర్యమేమిటంటే షాంపేన్‌లో చాలా తయారీ సంస్థలు ఆ రెండో పులియడం జరిగినంత కాలం ఇదే క్రౌన్ క్యాపును, 29 మిల్లీమీటర్ల వెడల్పుది, వాడతాయి. అందరూ ఎరిగిన బిరడా పడేది మడ్డి తీసేశాకే. మూతకు అంత బలముంది. బలం లేనిది మామూలు గాజుకు. కాబట్టి భద్రత అంతా మూత వేయకముందు సంపాదించుకోవాల్సిందే.

అది సంపాదించేది హైడ్రోమీటరుతో. నీళ్లలో అది 1.000 చూపిస్తుంది. పులియకముందు మాల్టు నీళ్లు 1.048 చూపిస్తే, చక్కెరలు తరిగిపోయేకొద్దీ అంకె దిగి 1.010 దగ్గర ఆగుతుంది. ఆగిందని బుడగలు ఆగడాన్ని బట్టి నమ్మకూడదు. రెండు, మూడు రోజుల తేడాతో కొలిచినా అంకె కదలకపోతేనే నమ్మాలి. ఎందుకంటే హైడ్రోమీటరు మీద 0.001 దిగినా సీసాలో సుమారు అర వాల్యూము గ్యాసు అవుతుంది. 1.010కి దిగాల్సిన బీరును 1.016 దగ్గరే తొందరపడి మూసేస్తే మూడు వాల్యూములు అదనం. ముందు లెక్కగట్టిన 2.5తో కలిస్తే ఐదున్నర. 20 డిగ్రీల దగ్గరే అది 5 బార్లు దాటుతుంది; గది వేడెక్కితే చెప్పనక్కర్లేదు. కంటికి ఆనని ఆరు గీతల తేడా సీసాను బాంబుగా మార్చేస్తుంది. మూత వేయడంలో నైపుణ్యం క్యాపరు మీద పడే చేతి బలంలో ఉందనుకునేవాళ్లు ఈ ఆరు గీతల ముందు ఆగి ఆలోచించాలి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం న్యాయమైనదే: ఇంత లెక్క లేకుండా స్వింగ్ టాప్ సీసాలు వాడొచ్చు కదా? నెదర్లాండ్స్ గ్రోల్ష్, జర్మనీ ఫ్లెన్స్‌బర్గర్ లాంటి బ్రాండ్లు ఇప్పటికీ వాటినే నమ్ముకున్నాయి. క్యాపరు అక్కర్లేదు, మూత పారేయక్కర్లేదు, అనుమానమొస్తే మీట ఎత్తి గ్యాసు కాస్త వదిలి మళ్లీ బిగించొచ్చు. చివరి మాటలో నిజం ఉంది, సరిచేసుకునే అవకాశమిచ్చే మూత అది. కానీ అది వాషరు మీద ఆధారపడ్డ మూత. రబ్బరు ఎండి పగిలితే లోపలి గ్యాసు నెమ్మదిగా పోతుంది. యాభై సీసాల్లో ఏ ఐదింటి వాషర్లు అలిసిపోయాయో తెరిచే దాకా తెలియదు. గాజు మందం సీసాను బట్టి మారుతుంది. అలంకరణకు చేసిన నాసిరకం సీసాలు మీటతో అందంగా కనిపిస్తాయి గానీ ఒత్తిడికి చేసినవి కావు; కొంబుచా ఇళ్లలో పేలేవాటిలో అవీ ఉంటాయి. కాబట్టి స్వింగ్ టాప్ వాడేవాడికి కూడా హైడ్రోమీటరు తప్పదు. అదనంగా వాషర్ల లెక్క పడుతుంది.

రెండో అభ్యంతరం ప్లాస్టిక్ పెట్ సీసాల నుంచి వస్తుంది. పేలినా పెంకులు లేవవు, పైగా చేత్తో నొక్కి చూస్తే ఎంత గట్టిపడిందో తెలిసిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు దీన్ని మించిన సీసా లేదు. కానీ పెట్ గుండా గ్యాసు నెమ్మదిగా బయటికి పోతుంది, ఆక్సిజన్ లోపలికి వస్తుంది. రెండు మూడు నెలల్లో తాగేసే బీరుకు ఫరవా లేదు, ఏడాది పాటు ముదరాల్సిన బీరుకు కాదు. మూడోది కెగ్‌ల వాదన: స్టీలు పీపాలో నింపి సిలిండరుతో గ్యాసు పట్టిస్తే సీసాల బెడదే ఉండదు కదా అని. నిజమే, కెగ్గుకు రక్షణ కవాటం ఉంటుంది. ఇక్కడ చెప్పిన ప్రమాదాల్లో చాలా వరకూ దానికి వర్తించవు. కానీ కెగ్గును పొరుగువారికి తీసుకెళ్లి ఇవ్వలేం, అటక మీద రెండేళ్లు దాచలేం, పోటీకి పంపలేం. పైగా సిలిండరు, రెగ్యులేటరు, ఫ్రిజ్‌లో చోటు, అన్నీ ఖర్చే. ఇంటి బీరు సీసాలోనే బతుకుతుంది కాబట్టి మూత మాట వదలదు. సీసాలోనే పొంగు తెచ్చే దారి ఇంటికే పరిమితం కాదు. కెన్ గ్రాస్‌మన్ కాలిఫోర్నియాలోని చికోలో ఇంటి బీరు సరుకుల దుకాణం నడిపినవాడు. తర్వాత ఆయన నిలబెట్టిన సియెర్రా నెవాడా కంపెనీ పేరు తెచ్చుకున్న పేల్ ఏల్ సీసాలోనే ఈస్టుతో పొంగు తెచ్చుకునే బీరు. ఆస్ట్రేలియాలో కూపర్స్ కూడా ఇదే బాట. పెద్దవాళ్లు కూడా ఇలా చేస్తున్నారంటే ఇది అంత కష్టం కాదేమో అన్న మాట వినిపిస్తుంది. వాళ్లు చేస్తున్నది కొలతతో. ప్రయోగశాలలో లెక్క తేలాకే వాళ్ల సీసా మూసుకుంటుంది.

మూత దగ్గరి ఇంకో శత్రువు ఆక్సిజన్. లోపల రెండు బార్ల ఒత్తిడుంటే బయటి గాలి ఎలా వస్తుందని అడగడం సహజం. ఒక్కొక్క వాయువూ తన పాక్షిక ఒత్తిడి ప్రకారమే కదులుతుంది. లోపల కార్బన్ డయాక్సైడ్ ఎంతున్నా ఆక్సిజన్ దాదాపు లేదు, బయట గాలిలో ఐదో వంతు ఆక్సిజనే. అందుకే మూత పొర గుండా అది కొద్దికొద్దిగా లోపలికే జారుతుంది. తడిసిన అట్టపెట్టె వాసన వచ్చే పాత బీరుకు ఇదో కారణం. ఇంట్లో చేయదగ్గవి రెండున్నాయి. సీసా మెడలో రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీయే వదలాలి. మూతను ముందు వదులుగా పెట్టి, నురగ లేచి గాలిని తోసేశాక నొక్కాలి. మూత కింద ఈస్టు బతికి ఉంటే మిగిలిన ఆక్సిజన్‌లో కొంత అదే మింగేస్తుంది. ఫ్యాక్టరీ బీరుకు లేని లాభం ఇది. ఆక్సిజన్ పీల్చే పొరున్న మూతలూ అమ్ముతారు, కానీ వాటిని ముందే నీళ్లలో నానబెడితే అవి సీసా ఎక్కకముందే పని మొదలుపెట్టేసి అలిసిపోతాయి.

ఇక తీయడం. మూత తీయడం అంటే పరీక్షాఫలితాలు చూసుకోవడం. సీసాను కనీసం ఒక రోజు నిలువుగా ఫ్రిజ్‌లో పెట్టాలన్నది అలవాటు కాదు, భౌతికశాస్త్రం. చల్లారితే ఒత్తిడి తగ్గుతుంది, గ్యాసు బీరులోకి ఇంకుతుంది, అడుగున మడ్డి గట్టిపడుతుంది. మూత లేవగానే మెడలోని గ్యాసు ఒక్కసారిగా వ్యాపిస్తుంది. అంత వేగంగా వ్యాపించే వాయువు విపరీతంగా చల్లబడుతుంది. గది వేడిలో ఉన్న సీసాలో ఆ క్షణం మెడలోని గ్యాసు సున్నాకు దిగువన దాదాపు 50 డిగ్రీలకు పడిపోతుంది. మూతి దగ్గర కనిపించే సన్నని పొగమంచు దాని ఫలితమే. 2025లో జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు మాక్స్ కోఖ్ బృందం ఇంట్లో పులియబెట్టిన అల్లం బీరు స్వింగ్ టాప్ సీసాలను అతివేగ కెమెరాతో చిత్రించి ఫిజిక్స్ ఆఫ్ ఫ్లూయిడ్స్ పత్రికలో రాసింది. టప్పుమనే శబ్దం ఒకే ఒక్క ఆఘాత తరంగం కాదనీ, మెడలోని గ్యాసు కొద్దిసేపు అటూఇటూ ఊగడమేననీ తేలింది. తెరిచే కుదుపూ, లోహపు మూత సీసాకు తగలడమూ పొంగును పెంచుతాయని కూడా వాళ్లు గమనించారు. పొంగే డబ్బాను వేలితో తట్టితే అణిగిపోతుందన్న నమ్మకం మీద డెన్మార్క్‌లో 2019లో వెయ్యికి పైగా డబ్బాలతో చేసిన ప్రయోగంలో తేడా కనిపించలేదు. తట్టి లాభం లేదు, చల్లార్చి లాభం ఉంది.

పొంగు ఎలా వచ్చిందన్నదాన్ని బట్టి మూత వేసిన రోజున జరిగిన తప్పు తెలిసిపోతుంది. వాయిలోని సీసాలన్నీ ఒకే తీరున నురగ కక్కితే బీరు పూర్తిగా పులియకముందే మూశారు, లేదా పంచదార ఎక్కువ పడింది. కొన్ని పొంగి కొన్ని చప్పగా ఉంటే పంచదార బీరులో సరిగా కలవలేదు. ఒకే ఒక్కటి అదుపు తప్పితే ఆ సీసా అడుగున పాత మురికి ఉండిపోయి ఉంటుంది, దాంట్లోకి అడవి ఈస్టు చొరబడింది. మామూలు ఈస్టు వదిలేసే పెద్ద చక్కెరలను కూడా తినే రకాలు కొన్నున్నాయి. వాటికి హైడ్రోమీటరు అంకె నిలకడగా ఉందన్న మర్యాద తెలియదు, మూసిన నెలలకు కూడా పనిచేస్తూనే ఉంటాయి. ఏదీ పొంగకుండా అన్నీ చప్పగా తేలితే గది మరీ చల్లగా ఉందనో, ఈస్టు అలసిపోయిందనో అర్థం. ఒకటి రెండు మాత్రమే చప్పగా ఉంటే మూత సరిగా నొక్కుకోలేదు. స్క్రూ తిప్పే సీసాల సన్నని పెదవి మీద మామూలు క్యాపు నొక్కితే తరచూ జరిగేది అదే.

పొంగే వాయి ఒకటి తేలితే మిగతా సీసాలతో ఏం చేయాలన్నది వెంటనే తేల్చుకోవాల్సిన ప్రశ్న. వాటిని కదపకుండా ఉన్నచోటే వదిలేస్తే గది వేడెక్కేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. మందపాటి చేతి తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని, సీసాలను పెట్టెతో సహా చల్లని చోటికి చేర్చాలి. బాగా చల్లబడ్డాక ఓపెనరుతో మూత అంచును కొద్దిగా ఎత్తి, సుయ్యిమని గ్యాసు వదిలాక క్యాపరుతో మళ్లీ నొక్కాలి. అవసరమైతే మర్నాడు మరోసారి. పళ్లు వంగిపోతే పాత మూత తీసేసి కొత్తది వేయాలి. అంతదాకా ఆ పెట్టె మీద దుప్పటి కప్పి, ఇంట్లో పిల్లలు తిరగని గదిలో ఉంచాలి.